చలికాలంలో పురుగులు ఎక్కడికి పోతాయి, గడ్డకట్టినా ఎలా బతుకుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరిలో మిన్నెసోటాలోనో విన్నిపెగ్‌లోనో ఉన్న మనవాళ్ళని అడగండి, బయట మైనస్ 25, ఒక్క దోమ లేదు, ఒక్క ఈగ లేదు, పీడ విరగడైంది అంటారు. మే నెల వచ్చేసరికి అన్నీ మళ్ళీ హాజరు. మరి మధ్యలో ఆరు నెలలు ఎక్కడున్నాయి, ఏం తిన్నాయి, ఎందుకు చావలేదు అనేది మామూలుగా అందరికీ వచ్చే డౌటే. జనం ఎక్కువగా అడిగేవి కింద పెట్టాను, వరస ఏమీ లేదు, కావాల్సింది చదువుకోవచ్చు.

చలికి అన్నీ చచ్చిపోయి ఎండ రాగానే కొత్తవి పుడతాయా?

కొత్తవి పుట్టాలంటే గుడ్డయినా మిగలాలి కదా. పెద్దవి చాలావరకు చచ్చిపోయే మాట నిజమే, కానీ ప్రతి జాతిలో ఏదో ఒక దశ చలికాలాన్ని దాటుతుంది, అది ఏ దశ అనేది ఆ జాతికి ముందే ఫిక్స్ అయి ఉంటుంది. టైగర్ దోమ గుడ్డుగా దాటుతుంది, ఇళ్ళ చుట్టూ తిరిగే క్యూలెక్స్ దోమల్లో జతకట్టిన ఆడవి సెల్లార్లలో, కల్వర్టుల్లో కదలకుండా కూర్చుంటాయి, ఎన్నో సీతాకోకచిలుకలు ప్యూపాగా ఉండిపోతాయి, కొన్ని గొంగళి పురుగులుగానే ఉంటాయి. డెంగ్యూ మోసే ఈడిస్ ఈజిప్టై దోమ గుడ్లకి ఈ చలి నిద్ర చేతకాదు, అందుకే అది వేడి ప్రాంతాల్లోనే ఆగిపోయింది. దాని చుట్టం టైగర్ దోమకి అది వచ్చు కాబట్టి న్యూయార్క్ దాకా వెళ్ళి కూర్చుంది.

అసలు చలి పురుగుని ఎలా చంపుతుంది?

రెండు రకాలుగా. అందరికీ తెలిసింది ఐస్. ఒంట్లో నీళ్ళు గడ్డకడితే స్ఫటికాలు పెరిగి కణాల పొరల్ని చింపేస్తాయి, పైగా మంచినీళ్ళు మాత్రమే ఐస్ అవుతాయి కాబట్టి మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడిపోయి కణం లోపలి నీళ్ళు బయటికి లాగేస్తుంది.

రెండోది చాలామందికి తెలియదు. వేడి ప్రాంతాల పురుగులు ఐస్ తయారయ్యేదాకా కూడా ఆగవు, సున్నాకి పైనే చస్తాయి. కణం లోపల పొటాషియం, బయట సోడియం ఎంతెంత ఉండాలో ఎప్పటికప్పుడు పంపులు సరిచేస్తూ ఉంటాయి, చలికి ఆ పంపులు నెమ్మదిస్తాయి, పొటాషియం రక్తంలోకి వచ్చేస్తుంది, నరాలు కండరాలు పనిచేయవు. అరటిపండు మీద ముసిరే పళ్ళ ఈగ ఐదారు డిగ్రీలకే పడిపోతుంది. కాసేపే అయితే లేస్తుంది, రోజుల తరబడి అలాగే ఉంటే లేవదు.

ఫ్రిజ్‌లో పడ్డ ఈగ బయట పెట్టాక మళ్ళీ ఎగిరింది, చచ్చి బతికిందా?

లేదు, చావలేదు. పైన పళ్ళ ఈగ చలికి పడిపోతుందని చెప్పాను కదా, అదే ఇది, దాన్ని చలి కోమా అంటారు.

సున్నా డిగ్రీలకి నీళ్ళు గడ్డకట్టాలి కదా, పురుగు ఒంట్లో నీళ్ళు ఎందుకు గడ్డకట్టవు?

ఇక్కడే అసలు మజా ఉంది. సున్నా డిగ్రీలకి నీళ్ళు గడ్డకట్టడం ఖాయమేమీ కాదు. మొదటి స్ఫటికం మొదలవ్వడానికి ఏదో ఒక ఆధారం కావాలి, దుమ్ము రేణువో బ్యాక్టీరియానో ఇంకో ఐస్ ముక్కో. అవేవీ లేని శుభ్రమైన చిన్న చుక్క మైనస్ 38 దగ్గర దాకా నీళ్ళలాగే ఉండగలదు. పురుగు ఒళ్ళు చిన్నది, అందులో ఉన్నది కొద్ది నీళ్ళు, కాబట్టి ఈ లాభం దానికి పుట్టుకతోనే వచ్చింది.

ఇంక అది చేయాల్సిందల్లా ఒంట్లో ఐస్‌కి ఆధారం దొరక్కుండా చూసుకోవడం. అందుకని చలికాలం ముందు తిండి మానేసి పేగులు ఖాళీ చేసేస్తాయి, ఎందుకంటే తిన్న ఆకుతో పాటు దుమ్మూ, ఐస్‌ని మొదలుపెట్టే బ్యాక్టీరియా కూడా లోపలికి వస్తాయి. పొడిగా ఉండే చోటు వెతుక్కుంటాయి, బయటి మంచు స్ఫటికం చర్మానికి తగిలినా లోపల ఐస్ మొదలైపోవచ్చు. ఇవి చాలక ఒంట్లో గ్లిజరాల్ కూడా నింపుకుంటాయి. ఇంకా కొన్నిట్లో యాంటీఫ్రీజ్ ప్రోటీన్లు ఉంటాయి, అవి ఎక్కడైనా చిన్న స్ఫటికం పుడితే దాని మీద అతుక్కుని పెరగనివ్వవు. 1960ల్లో ఆర్థర్ డెవ్రీస్ అంటార్కటికా చేపల్లో ఇలాంటివి కనిపెట్టాక అవి బాగా పేరుకెక్కాయి గానీ, పురుగుల్లో ఉండేవి చేపల వాటికంటే చాలా గట్టివి. చేపకి సముద్రపు నీళ్ళ చలి మైనస్ 2 దాటదు, పురుగుకి అంత సుఖం ఎక్కడిది.

గ్లిజరాల్ అంటే మెడికల్ షాపులో పెదాలకి రాసుకోమని ఇచ్చే గ్లిజరినేనా?

అదే. కారు రేడియేటర్లో పోసే కూలెంట్ ఏ పని చేస్తుందో పురుగు ఒంట్లో ఇదీ అదే చేస్తుంది, రెండూ కెమిస్ట్రీలో దగ్గర చుట్టాలు కూడా. కొన్ని పురుగుల్లో శరీరం బరువులో ఐదో వంతు దాకా గ్లిజరాలే ఉంటుంది. ఎక్కడి నుంచో కొనుక్కు రావక్కర్లేదు, ఎండాకాలం తిని దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని చలి మొదలవ్వగానే గ్లిజరాల్‌గా, సార్బిటాల్‌గా మార్చుకుంటాయి, వసంతం రాగానే మళ్ళీ వెనక్కి మార్చేస్తాయి.

దీన్ని బాగా చూపించింది మనకి తెలిసిన పురుగే, పట్టుపురుగు. నిద్రకి వెళ్ళే పట్టుపురుగు గుడ్డులో గ్లైకోజన్ తగ్గిపోయి గ్లిజరాల్, సార్బిటాల్ పెరుగుతాయని, నిద్ర లేచేటప్పుడు అదంతా తిరిగి గ్లైకోజన్ అవుతుందని జపాన్ శాస్త్రవేత్త హరువో చినో 1950ల చివర్లో చూపించాడు.

నిజంగానే గడ్డకట్టి, రాయిలాగా అయిపోయి మళ్ళీ బతికేవి ఉన్నాయా?

ఉన్నాయి. కల్పన కాదు.

1829 నుంచి 1833 దాకా సాగిన ఆర్కిటిక్ యాత్రలో బ్రిటిష్ అన్వేషకుడు జాన్ రాస్ ఓడ మంచులో ఇరుక్కుపోయింది, ఆ ఖాళీ టైములో వాళ్ళు గొంగళి పురుగుల్ని డబ్బాలో పెట్టి బయట చలిలో వదిలేసి, నెలల తర్వాత వెచ్చటి క్యాబిన్లోకి తెచ్చి చూశారు. గడ్డకట్టినవి రెండు గంటల్లో కదలడం మొదలుపెట్టాయి. మళ్ళీ బయట పెట్టి మళ్ళీ లోపలికి తెచ్చారు, అలా చేసిన ప్రతిసారీ లేచేవి తగ్గిపోయాయి. గడ్డకట్టడాన్ని తట్టుకున్నవి పదే పదే కరగడాన్ని తట్టుకోలేకపోయాయి, ఇది కొంచెం గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

ఎలా బతుకుతాయంటే, ఐస్‌ని ఆపకుండా తమకి నచ్చిన చోట తామే మొదలుపెట్టించుకుంటాయి. రక్తంలో ఐస్‌కి ఆధారమిచ్చే ప్రోటీన్లు పెట్టుకుంటాయి, మైనస్ 5 నుంచి మైనస్ 10 మధ్యలోనే కణాల బయట ఐస్ నెమ్మదిగా మొదలవుతుంది. నెమ్మదిగా అనేదే ముఖ్యం, ఒక్కసారిగా గడ్డకడితే కణం లోపల కూడా కట్టేస్తుంది, అప్పుడు చావే. బయట ఐస్ పెరిగేకొద్దీ కణంలోంచి నీళ్ళు కొంచెం కొంచెంగా బయటికి పోయి కణం చిక్కబడుతుంది, లోపల ఉన్న గ్లిజరాల్ అది మరీ కుంచించుకుపోకుండా కాపాడుతుంది. గుండె ఆగిపోతుంది, ఊపిరి కదలిక ఉండదు. కరిగాక అన్నీ మళ్ళీ మొదలు.

న్యూజిలాండ్ కొండల మీద వెటా అని మిడత జాతి పురుగు ఒకటుంది, ఒంట్లో నీళ్ళలో 82 శాతం ఐస్ అయినా బతుకుతుంది. అలాస్కాలో ఉపిస్ అనే నల్ల పెంకు పురుగు మైనస్ 60 దాకా గడ్డకట్టి తట్టుకుంటుంది, 2009లో దాని ఒంట్లో జైలోమన్నన్ అనే కొత్త యాంటీఫ్రీజ్ దొరికింది, అది ప్రోటీన్ కాకుండా చక్కెర గొలుసుతో తయారైనది కావడం అందరినీ ఆశ్చర్యపెట్టింది.

గడ్డకట్టకుండా తప్పించుకోవడం మంచిదా, గడ్డకట్టి తట్టుకోవడం మంచిదా?

దీనికి ఉత్తర అమెరికాలో ఒకే మొక్క మీద జవాబు ఉంది. గోల్డెన్‌రాడ్ అని పసుపు పూల మొక్క, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. దాని కాండంలో ఒక ఈగ పిల్ల గుండ్రటి బొడిపె చేసుకుని ఉంటుంది, ఒక చిమ్మెట పిల్ల పొడుగాటి బొడిపె చేసుకుని ఉంటుంది. అదే చలి, అదే మొక్క. ఈగ పిల్ల గడ్డకట్టి మైనస్ 40 దాకా బతుకుతుంది, చిమ్మెట పిల్ల ఒళ్ళంతా గ్లిజరాల్ నింపుకుని మైనస్ 38 దాకా గడ్డకట్టకుండానే ఉంటుంది. రెండూ లక్షణంగా ఉన్నాయి. కాబట్టి ఏది మంచిదో తేల్చడానికి మనమెవరం.

రిస్క్ మాత్రం వేరు. గడ్డకట్టకుండా తప్పించుకునేది ఆ గీత ఒక్క డిగ్రీ దాటినా క్షణంలో గడ్డకట్టి చస్తుంది, దానికి మధ్యస్థం లేదు.

అన్నిటికంటే ఎక్కువ చలి తట్టుకునేది ఏది?

అలాస్కా చెట్ల బెరడు కింద ఉండే కుకుజస్ అనే ఎర్రటి చదును పురుగు. దాని పిల్లల్లో కొన్నిటిని ల్యాబ్‌లో మైనస్ 100 దాకా దించినా గడ్డకట్టలేదు, 2010లో ఈ ఫలితం వచ్చింది. ఒంట్లో నీళ్ళు బాగా తగ్గించుకుని, గ్లిజరాల్‌తో చిక్కబరచుకుని చివరికి లోపలంతా గాజులాగా అయిపోతుంది, గాజులో స్ఫటికాలు ఉండవు కదా, అందుకే కోత ఉండదు.

ఇంతకంటే విచిత్రం ఏంటంటే ఆఫ్రికాలో రాతి గుంటల నీళ్ళలో ఉండే ఒక మిడ్జ్ (దోమలాంటి చిన్న ఈగ) పిల్ల, పేరు పాలీపెడిలం. గుంట ఎండిపోతే ఇదీ పూర్తిగా ఎండిపోతుంది, ఆ స్థితిలో మైనస్ 270లో పెట్టి తీసి నీళ్ళు పోస్తే మళ్ళీ ఈదింది. హింటన్ అనే ఆయన 1960లోనే ఇది చూపించాడు. అది ఎప్పుడూ చలి చూడని పురుగు, ఎండకి నేర్చిన విద్య చలికి కూడా పనికొచ్చింది. నీళ్ళే లేకపోతే ఐస్ ఎక్కడిది.

అంటార్కటికాలో పురుగులు ఉంటాయా?

అక్కడ మాత్రమే ఉండే పురుగు ఒకటుంది, బెల్జికా అంటార్కటికా. రెక్కల్లేని చిన్న మిడ్జ్, 2 నుంచి 6 మిల్లీమీటర్లు, పెంగ్విన్లు, సీల్స్ సముద్రం మీద బతికేవి కాబట్టి పూర్తిగా నేల మీదే బతికే అంటార్కటికా జంతువుల్లో ఇదే పెద్దది అంటే నమ్మండి. రెండేళ్ళు పిల్లగా ఉంటుంది, పెద్దదయ్యాక రెండు వారాలు కూడా ఉండదు.

ఇది మైనస్ 60లు మైనస్ 70లు ఏమీ తట్టుకోదు, మైనస్ 15 దాటితేనే కష్టం. దాని తెలివంతా చోటులో ఉంది. నాచు కింద, మంచు కప్పు కింద ఉంటే పైన ఎంత గాలి వీచినా అక్కడ సున్నాకి కొద్దిగా కిందే ఉంటుంది. చుట్టూ ఉన్న ఐస్ దాని ఒంట్లో నీళ్ళు లాగేస్తుంటే వద్దనదు, 70 శాతం దాకా పోగొట్టుకుని ముడుచుకుపోయి ఉంటుంది.

మంచు కప్పేస్తే ఇంకా చలి కదా, మంచు కింద ఎలా బతుకుతాయి?

మనకి మంచు అంటే లంబసింగి పొగమంచు, అందుకే ఈ డౌట్ వస్తుంది. కొత్తగా పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే, ఒక అడుగు మంచు పడిందంటే దాని కింద నేల సున్నా దగ్గరే నిలబడిపోతుంది, పైన మైనస్ 30 ఉన్నా సరే. మంచు పడని చలికాలమే పురుగుకి చెడ్డది.

చలి వస్తోందని పురుగుకి ముందే ఎలా తెలుస్తుంది?

పగలు తగ్గడం చూసి. టెంపరేచర్‌ని నమ్ముకుంటే మోసపోవచ్చు, అక్టోబర్లో ఒక వారం ఎండ కాసి మళ్ళీ మంచు పడొచ్చు, పగటి పొడవు మాత్రం ఏ ఏడాదీ మారదు. అది ఒక హద్దు కంటే తగ్గగానే హార్మోన్లు మారి పెరుగుదల ఆపేస్తుంది, కొవ్వు దాచుకుంటుంది, తిండి మానేస్తుంది. దీన్ని డయాపాజ్ అంటారు. ఒకసారి అందులోకి వెళ్ళాక మధ్యలో ఎండ కాసినా తొందరపడి లేవదు, కొన్ని వారాల చలి అనుభవించాకే లేవడానికి సిద్ధమవుతుంది.

హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకి ఇదంతా కొత్త కాదు. బైవోల్టైన్ రకం, అంటే ఏడాదికి రెండు తరాలు వచ్చే రకం గుడ్లు నిద్రలోకి వెళ్తే ముదురు రంగుకి తిరుగుతాయి, వాటిని 5 డిగ్రీల కోల్డ్ స్టోరేజిలో నెలల తరబడి పెట్టి అప్పుడు బయటికి తీస్తేనే పిల్ల వస్తుంది, అంతదాకా ఆగలేకపోతే పెట్టిన మర్నాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి నిద్ర పట్టకుండా చేస్తారు. ఇంకో తమాషా, గుడ్డు నిద్రపోవాలా వద్దా అనేది తల్లి నిర్ణయిస్తుంది, అది కూడా ఆ తల్లి తాను గుడ్డులో ఉన్నప్పుడు చూసిన వెలుతురు, వేడిని బట్టి.

మన తెలుగు రాష్ట్రాల్లో పురుగులకి ఇవన్నీ అవసరమా?

చలికి అంతగా అక్కర్లేదు. ఆదిలాబాద్‌లో, పాడేరు ఏజెన్సీలో రాత్రి బాగా పడిపోయినా పగలు మళ్ళీ వెచ్చబడుతుంది. మనకి చలికాలం లాంటిది ఎండాకాలమే. అనంతపురం వేరుశనగ రైతుని ఎర్రగొంగళి గురించి అడగండి, ప్యూపాగా భూమిలో దూరి ఏడాదిలో ఎక్కువ భాగం కదలకుండా ఉంటుంది, తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు గుంపులుగా పైకొస్తాయి. మిన్నెసోటా చిమ్మెట మంచుకి చేసే పనే ఇది ఎండకి చేస్తోంది, లోపలి డయాపాజ్ మెకానిజం దగ్గర దగ్గర ఒకటే. వేసవి దుక్కి లోతుగా దున్నమనేది ఆ ప్యూపాలని పైకి తీసి ఎండకి, పక్షులకి అప్పజెప్పడానికే.

నిజమైన చలి కావాలంటే హిమాలయాలకి వెళ్ళాలి. నేపాల్ లాంగ్‌టాంగ్‌లో యాలా గ్లేసియర్ మీద మైనస్ 16లో కూడా నడుస్తూ తిరిగే మిడ్జ్‌ని షిరో కోషిమా 1984లో ప్రకటించాడు, దాని జీవితమంతా ఆ ఐస్ మీదే.

తేనెటీగలు నిద్రపోతాయా?

పోవు, ఇవి మిగతా వాటికి పూర్తిగా వేరు. యూరప్ తేనెటీగలు గూట్లో ఒకదాన్నొకటి హత్తుకుని ముద్దగా చేరతాయి, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలు మాత్రం వణికించి వేడి పుట్టిస్తాయి. బయట మైనస్ 20 ఉన్నా ముద్ద మధ్యలో 20 డిగ్రీల పైనే ఉంటుంది, పిల్లలుంటే 35 దాకా. అంచున ఉన్నవి చల్లబడితే లోపలికి జరుగుతాయి. దీనికంతటికీ పెట్రోలు తేనె, చలి దేశాల్లో ఒక పెట్టెకి 20, 30 కిలోలు వదలాలి. మగ ఈగలు పనీపాటా లేకుండా తింటాయి కాబట్టి వాటిని చలికాలం ముందే బయటికి గెంటేస్తాయి. ఎండాకాలం పుట్టిన కూలి ఈగ ఆరు వారాలు బతికితే, చలికాలం ముందు పుట్టింది ఆరు నెలలు బతుకుతుంది. చచ్చిపోయిన గూళ్ళలో చాలావరకు చలి కంటే ఆకలికి, తడికి పోయినవే.

పారిపోయేవి లేవా?

మోనార్క్ సీతాకోకచిలుకలు. కెనడా దగ్గర్నుంచి మెక్సికోలో మిచోవకాన్ కొండల దాకా 4,000 కిలోమీటర్ల వరకు ఎగురుతాయి, అక్కడ దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఓయమెల్ చెట్లకి గుత్తులుగా వేలాడతాయి. ఇంత దూరం పారిపోయి వెచ్చటి చోటుకి వెళ్ళాయా అంటే కాదు, చల్లటి అడవే కావాలి, చల్లగా ఉంటేనే కొవ్వు ఖర్చవదు. ఒళ్ళు తడిస్తే మాత్రం గడ్డకట్టడం తొందరగా మొదలవుతుంది, 2002 జనవరిలో వాన పడి వెంటనే ఆకాశం తేలికపడి చలి దిగడంతో కోట్లలో రాలిపోయాయి.

హఠాత్తుగా చలి పడితే?

నెలల ప్రిపరేషన్ లేకపోయినా కొంత పని నిమిషాల్లో అవుతుంది. 1987లో రిచర్డ్ లీ, చెంగ్-పింగ్ చెన్, డేవిడ్ డెన్‌లింగర్ మాంసపు ఈగలతో చూపించారు, నేరుగా మైనస్ 10లో పెడితే చచ్చేవి, ముందు కాసేపు సున్నాలో ఉంచి పెడితే బతికాయి. మంచు మీద నడిచే స్నో ఫ్లై అయితే ఇంకా మొండిది, కాలు గడ్డకట్టడం మొదలవ్వగానే ఐస్ ఒంట్లోకి పాకేలోపు ఆ కాలు తానే తెంపేసుకుంటుంది, 2023లో బయటపడింది ఇది.

చలికాలం వెచ్చబడుతోంది కదా, పురుగులకి పండగేనా?

కొన్నిటికి పండగే. కెనడా బ్రిటిష్ కొలంబియాలో పైన్ చెట్ల బెరడు పురుగుని మైనస్ 40 చలి అదుపులో పెట్టేది, అలాంటి చలి తగ్గాక అది లక్షల హెక్టార్ల అడవిని ఎండగట్టింది.

మిగతా వాటికి నష్టం. నిద్రలో ఉన్న పురుగుకి ఆరు నెలల బండి నడవాల్సింది దాచుకున్న కొవ్వుతోనే, వెచ్చగా ఉంటే అది తొందరగా కరిగిపోతుంది. పైన చెప్పిన గోల్డెన్‌రాడ్ ఈగ పిల్లల్ని ల్యాబ్‌లో 12 డిగ్రీల్లో ఉంచితే, సున్నాలో ఉంచినవాటి కంటే తక్కువ గుడ్లు పెట్టాయి. మంచు కప్పు పడకపోవడం, ఒక వారం కరిగి ఒక వారం గడ్డకట్టడం ఇంకో దెబ్బ, జాన్ రాస్ డబ్బాలో పురుగుల సంగతి చూశాం కదా. నా ఉద్దేశంలో పురుగుకి చలి కంటే నిలకడ లేని చలి పెద్ద శత్రువు.

అమెరికాలో అక్టోబర్ రాగానే ఇంట్లోకి కంపు కొట్టే పురుగులు వస్తున్నాయి, ఏం చేయాలి?

అవి స్టింక్ బగ్స్, తూర్పు ఆసియా నుంచి వచ్చినవి, 1990ల్లో పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ దగ్గర మొదట దొరికాయి. చలికాలం దాటడానికి పొడి సందు వెతుక్కుంటాయి, మీ సైడింగ్, అటక వాటికి చెట్టు బెరడుతో సమానం. కుట్టవు, గుడ్లు ఇంట్లో పెట్టవు. నలిపితే కంపు కాబట్టి నలపకండి, వాక్యూమ్ చేసి పారేయండి, సెప్టెంబర్ లోపే కిటికీల సందులు సీల్ చేసుకోండి.

రవ్వ, బియ్యం ఫ్రిజ్‌లో పెడితే ముక్కుపురుగు చస్తుందా?

ఫ్రిజ్‌లో అంత త్వరగా చావదు, 4, 5 డిగ్రీలకి అది ఆగిపోతుంది అంతే, కొద్ది రోజుల్లో బయటికి తీస్తే మళ్ళీ మొదలు. డీప్ ఫ్రీజర్, మైనస్ 18, నాలుగు రోజులు, అప్పుడు గుడ్లతో సహా పోతాయి. 10 కిలోల సంచి అలాగే తోసేస్తే మధ్యలోకి చలి చేరడానికే రోజులు పడుతుంది, చిన్న ప్యాకెట్లు చేయండి. తీశాక వెంటనే మూత తీయొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. నల్లులు పట్టిన బట్టలకీ ఇదే లెక్క, నాలుగు రోజులు. నెమ్మదిగా చల్లబరుస్తూ రోజూ కాసేపు బయటికి తీసి చూడకండి, వాటికి అలవాటు పడే టైమ్ మనమే ఇచ్చినట్టవుతుంది.